ఒక గుట్ట, మూడు దారులు: ట్రైల్ పని డైరీ

1వ వారం

పార ముట్టుకోలేదు. వాన పడుతుంటే గొడుగు వేసుకుని గుట్ట చుట్టూ తిరగడమే ఈ వారం పని. నీళ్లు ఎక్కడ జారుతున్నాయి, ఎక్కడ నిలుస్తున్నాయి, మట్టి ఎక్కడ కోసుకుపోతోంది అన్నది ఎండ రోజున ఎంత తిరిగినా తెలీదు. వాన రోజు గంట చాలు.

గుట్ట పెద్దదేం కాదు. అడుగు నుంచి కొన దాకా నిలువు ఎత్తు 48 మీటర్లు. స్థలం ఆయన అనుమతి కాగితం మీదే రాసిచ్చారు. షరతు ఒక్కటే, పెద్ద చెట్లు కొట్టకూడదు. పని మొదలుపెట్టింది ముగ్గురం: నేను, మా తమ్ముడు, ఒక పాత మిత్రుడు. ముగ్గురికీ మౌంటెన్ బైకింగ్ పిచ్చే, కానీ మూడు రకాల పిచ్చి. మిత్రుడిది కుదుపులకి 100 మిల్లీమీటర్లు కుంగి లేచే సస్పెన్షన్ ఉన్న క్రాస్ కంట్రీ బండి. ఎక్కుడు ఉంటేనే వాడికి రైడ్ చేసినట్టు ఉంటుంది. తమ్ముడిది 170 మిల్లీమీటర్ల ఎండ్యూరో బండి. పైకి తోసుకుంటూ వెళ్లడానికైనా రెడీ, దిగేటప్పుడు మాత్రం ఎవరూ అడ్డం రాకూడదు. నాది మధ్యరకం, 140. ఒకే గుట్ట మీద ముగ్గురికీ పని కావాలి. ఇదీ ప్రాజెక్టు.

మూడు చోట్ల నుంచి మట్టి తెచ్చి గాజు సీసాల్లో మూడో వంతు నింపి, నీళ్లు పోసి బాగా కుదిపి పెట్టాను. ఇసుక నిమిషంలో అడుగుకి చేరుతుంది, ఒండ్రు కొన్ని గంటలకి, బంకమట్టి తేరడానికి ఒక రోజో రెండు రోజులో పడుతుంది. దక్షిణం వైపు మట్టిలో ఇసుక, బంక రెండూ ఉన్నాయి. దిమ్మిస కొడితే గట్టిపడే రకం. గుట్ట అడుగున చదునుగా ఉన్న చోటి సీసా మాత్రం మూడో రోజుకి కూడా తేరుకోలేదు. చదునైన నేల చూడగానే దారి వేయడానికి తేలిక అనిపిస్తుంది. నీళ్లకి పోయే దారి ఉండదు కాబట్టి అదే అన్నిటికంటే ఇబ్బంది పెట్టే నేల. అక్కడ ఏమీ వేయొద్దని అప్పుడే అనుకున్నాం.

2వ వారం

గీతలు గీయడం, గొడవ పడడం.

తమ్ముడి ప్లాన్ సింపుల్. పడమటి వైపు కొన నుంచి అడుగుకి నేరుగా ఒక గీత. అక్కడ గుట్ట వాలు 40 శాతం (అడ్డంగా వంద మీటర్లు పోతే 40 మీటర్ల ఎత్తు తేడా), అంటే దారి మొత్తం కలిపి సుమారు 130 మీటర్లు. పదిహేను సెకన్ల సరదా. "వాన పడితే ఆ గీత మీద మొదట దిగేది నువ్వు కాదు, నీళ్లు" అన్నాను. నేల వాలుతో పాటే నేరుగా దిగే దారిని నీళ్లు పక్కకి వదలవు, అందులోనే పారి కాలవ చేస్తాయి.

దీనికో పాత కొలత ఉంది. దారి వాలు, అది పోయే గుట్ట పక్క వాలులో సగానికి మించకూడదు. పక్క వాలు 24 శాతం ఉంటే దారి 12 దాటకూడదు. దాటితే నీళ్లు దారిని అడ్డంగా దాటి పోకుండా, దారి వెంటే దిగుతాయి. ట్రైల్ మొత్తం సగటు 10 శాతం లోపు ఉంచితే ఎక్కువ నేలల్లో తట్టుకుంటుంది అన్నది దాని పక్కన చెప్పే ఇంకో కొలత. ఇవేమీ మేం కనిపెట్టినవి కావు. 1988లో పెట్టిన అంతర్జాతీయ మౌంటెన్ బైసికిలింగ్ సంఘం, అందరూ ఇంబా అంటారు, ఏళ్ల తరబడి చెప్తున్నవే.

"14 శాతం కూడా లేకపోతే అది డౌన్‌హిల్ ఏంటి అన్నా" అని వాడి పేచీ. 1976లో కాలిఫోర్నియా మారిన్ కౌంటీలో రీప్యాక్ రేసు మొదలైన మట్టి రోడ్డు సంగతి చెప్పాను. రెండు మైళ్ల పైచిలుకు దూరంలో 1300 అడుగులు దిగుతుంది. సగటు తీస్తే 12 శాతం లోపే. అప్పటి బండ్లకి బ్రేకు వెనక చక్రం హబ్ లోపలే ఉండేది, ఆ వాలుకే హబ్‌లోని గ్రీజు వేడికి పొగై పోయేది. రేసు అయ్యాక మళ్లీ గ్రీజు కూరుకోవాల్సి వచ్చేది, ఆ పేరు అలా వచ్చిందే. వాడు కాసేపు ఆలోచించి "ఆ రోజుల్లో బ్రేకులు అలాంటివి" అన్నాడు. అదీ నిజమే.

చివరికి కుదిరింది ఇది. ఎక్కే దారి దక్షిణం వైపు, సగటు 6 శాతం, 90 సెంటీమీటర్ల వెడల్పు, 800 మీటర్ల పొడవు. దిగడానికి రెండు, తేలికైనది నీలం, కష్టమైనది నల్ల. నీలం దారి సగటు 8 శాతం, 60 సెంటీమీటర్లు, 600 మీటర్లు. నల్ల దారి పడమటి వైపు 14 శాతం, సుమారు 340 మీటర్లు. పక్క వాలు 40 ఉంది కాబట్టి అక్కడ 14 చెల్లుతుంది. దిగేవి రెండూ వన్ వే. ఎక్కేవాడికి ఎదురుగా దిగేవాడు రాకూడదు అన్న ఒక్క విషయంలో మాత్రం ముగ్గురం గొడవ లేకుండా ఒప్పుకున్నాం.

4వ వారం

సిగ్గుపడాల్సిన వారం. ఎక్కే దారికి జెండాలు పాతుతూ వెళ్లాం. నేను ఫోన్‌లో వాలు కొలిచే యాప్ పట్టుకుని "ఆరు... ఆరు... కొంచెం కిందికి... ఆరు" అంటూ చెప్తున్నా, మిత్రుడు జెండా గుచ్చుతున్నాడు. 160 మీటర్లు అయ్యాక వెనక్కి తిరిగి చూస్తే గుట్టలో మూడో వంతు ఎక్కేశాం. లెక్క ప్రకారం పది మీటర్ల లోపు ఎక్కాలి, పదిహేడు ఎక్కినట్టున్నాం.

యాప్ డిగ్రీల్లో ఉంది. మేం అనుకుంటున్నది శాతం. 6 డిగ్రీలంటే 10.5 శాతం. తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం తెచ్చి 10 మీటర్లకి పెట్టి చూస్తే తేడా సరిగ్గా 105 సెంటీమీటర్లు వచ్చింది. అనుమానం తీరిపోయింది. జెండాలన్నీ పీకి మళ్లీ మొదటి నుంచి. గొట్టం పాపం ఎప్పుడూ అబద్ధం చెప్పదు, అప్పటి నుంచి ప్రతి 50 మీటర్లకీ ఒకసారి దానితో సరిచూస్తున్నాం.

5 నుంచి 11 వారాలు

తవ్వకం. దీని గురించి రాయడానికి పెద్దగా ఏమీ ఉండదు, చేతులకి మాత్రం చాలా గుర్తుంటుంది.

ముందు పైనున్న ఆకులు, వేళ్లు, కుళ్లిన పొర అంతా తీసెయ్యాలి. అది దారిలో ఉంటే స్పాంజిలా నీళ్లు పట్టుకుంటుంది. దాని కింద అసలు మట్టి దొరికాక గుట్ట పక్కని మెట్టులా కోయాలి. బెంచ్ కట్ అంటారు. 30 శాతం వాలు మీద 90 సెంటీమీటర్ల దారి కావాలంటే లోపలి అంచు దగ్గర 27 సెంటీమీటర్ల లోతు తవ్వాలి. మీటరు దారికి 0.12 ఘన మీటర్ల మట్టి. వినడానికి చిన్నదే, 800తో గుణిస్తే 97 ఘన మీటర్లు. నేను ఆ గుణింతం చేసి ఎవరికీ చెప్పలేదు.

తవ్విన మట్టిని బయటి అంచున పోసి, సగం తవ్వి సగం పూడ్చి దారి వెడల్పు చేసుకోవచ్చు కదా అని సాయానికి వచ్చిన ప్రతి ఒక్కరూ అడిగారు. పని సగమవుతుంది కూడా. కానీ పోసిన మట్టి మెల్లగా కుంగుతుంది, బయటి అంచు జారిపోతుంది. దారి మొత్తం కోసిన గట్టి నేల మీదే ఉండాలి. తీసిన మట్టిని కిందికి దూరంగా వెదజల్లేశాం. దారి బయటికి 5 శాతం వాలి ఉండాలి, అంటే 90 సెంటీమీటర్లకి నాలుగున్నర సెంటీమీటర్లు. నీళ్లు నిలవకుండా అడ్డంగా దాటిపోవడానికి. ప్రతి పది మీటర్లకీ ఒక టెన్నిస్ బంతి పెట్టి చూశాం. దారి వెంట దొర్లితే మళ్లీ తవ్వకం, బయటికి దొర్లితే పాస్.

పనిముట్లు గడ్డపార, పార, పలుగు, దిమ్మిస. వీటికి తోడు మిత్రుడు ఇనుప రేకుతో ఒక మెక్లౌడ్ వెల్డింగ్ చేయించాడు. ఒక వైపు వెడల్పాటి పార అంచు, ఇంకో వైపు దంతెలు. 1900ల మొదట్లో అమెరికా అడవుల్లో మంటలు ఆపడానికి తయారైన పనిముట్టు. దారి చదును చేయడానికి, తిరగేసి దిమ్మిసలా కొట్టడానికి దీన్ని మించింది లేదు. మొదటి ఆదివారం నుంచే దాని కోసం కొట్లాట.

ఆదివారానికి ఎనిమిది మంది, మనిషికి పదిహేను మీటర్లు. ఏడు ఆదివారాల్లో అయిపోయింది.

12వ వారం

మిత్రుడు ఆగకుండా పైదాకా ఎక్కాడు. నేను రెండు చోట్ల ఆగాను. తమ్ముడు బండి తోసుకుంటూ ఫోన్ మాట్లాడుకుంటూ వచ్చాడు.

13 నుంచి 17 వారాలు

నీలం దారి. అసలు ఆట ఇక్కడ మొదలైంది.

ఎక్కే దారిలో వేగం సమస్య కాదు. దిగే దారిలో అన్నీ వేగం చుట్టూనే తిరుగుతాయి. నీలం మీద కొత్తవాడు రావచ్చు, మా తమ్ముడూ రావచ్చు. ఒకే మలుపు ఇద్దరికీ పనికిరావాలి. అందుకని మలుపుల్లో బెర్మ్‌లు, అంటే బయటి వైపు గోడలా లేపిన మట్టి కట్టలు. బండి వాలినప్పుడు టైరు ఆనడానికి. ఎంత వాలు ఉండాలన్నది ఊహ కాదు, లెక్క ఉంది. 5 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో గంటకి 20 కిలోమీటర్ల వేగంతో తిరిగితే బండి సుమారు 32 డిగ్రీలు వాలుతుంది. 25తో వస్తే 44 దాటుతుంది. ఐదు కిలోమీటర్ల తేడాకి పన్నెండు డిగ్రీలు. మలుపు 3 మీటర్లకి బిగిస్తే 20 వేగానికే 46 డిగ్రీలు.

ఇది తెలిసి కూడా మూడో మలుపుని 3 మీటర్ల వ్యాసార్థంతో కట్టాం. కారణం అక్కడున్న రెండు పెద్ద చెట్లు. కొట్టకూడదని మాట ఇచ్చాం కదా, వాటి మధ్య ఇమిడేలా బిగించేశాం. బెర్మ్ ఎత్తు 35 సెంటీమీటర్లు. తడి మట్టి పొర మీద పొర వేసి, ప్రతి పొరకీ దిమ్మిస. మట్టి ఎంత తడిగా ఉండాలంటే, గుప్పిట్లో పిసికితే ముద్ద కావాలి కానీ చేతికి అంటుకోకూడదు. పొడి మట్టితో కడితే వారంలో రాలిపోతుంది. చూడ్డానికి ముచ్చటగా వచ్చింది. ఫొటోలు కూడా తీసుకున్నాం.

టేబుల్‌టాప్ ఒకటి పెట్టాం, బండితో ఎగరడానికి కట్టే మట్టి దిబ్బ. తమ్ముడు గ్యాప్ కావాలన్నాడు, అంటే ఎక్కే వాలుకీ దిగే వాలుకీ మధ్య ఖాళీ. సరిపోనంత వేగంతో వచ్చినవాడు ఆ ఖాళీలో పడతాడు. టేబుల్‌టాప్‌లో మధ్య భాగం నింపి ఉంటుంది. ఎగరగలిగినవాడు ఎగురుతాడు, లేనివాడు దాని మీదుగా దొర్లుకుంటూ పోతాడు. నీలం మీద గ్యాప్ అనేది నా వరకు చర్చే లేదు. దాని తర్వాత 30 సెంటీమీటర్ల ఎత్తున్న రోలర్లు, అంటే అలల్లాంటి మట్టి మూపులు, ఐదు, ఒకదానికొకటి 3 మీటర్ల దూరం. ఎత్తుకి పదింతల దూరం ఉంటే పెడల్ తొక్కకుండానే ఒంటితో ఊపు తెచ్చుకోవచ్చు.

18వ వారం

పదిమంది చొప్పున రెండు ఆదివారాలు తిరిగారు. మూడో మలుపు ముందు అప్పడంలా చదునుగా ఉండాల్సిన దారి ఇస్త్రీ లేని చొక్కాలా అయిపోయింది. వంగి చూశాను. అర మీటరుకి ఒక గుంట, అలా తొమ్మిది గుంటలు వరస. లోతు నాలుగు సెంటీమీటర్లు, చివరిది ఐదు. గుంటల్లో మట్టి పిండిలా నలిగి ఉంది, అంచుల మీద టైరు బొడిపెల అచ్చులు. బ్రేకు గుంటలు. ఒకడు బ్రేకు పడితే వెనక చక్రం ఎగిరి దిగుతూ మట్టి గీకుతుంది. వెనక వచ్చినవాడి చక్రం అదే గుంటలో దిగి ఇంకాస్త గీకుతుంది.

తప్పు మలుపుదే అనుకున్నాం. బిగువు ఎక్కువైంది, అంతే. ఒక చెట్టు బయటికి వచ్చేలా దారి జరిపి 5 మీటర్ల వ్యాసార్థంతో మళ్లీ కట్టాం. బెర్మ్ ఈసారి 70 సెంటీమీటర్లు, వాలు 35 డిగ్రీలు. రెండు ఆదివారాలు నడుం విరిగింది.

20వ వారం

గుంటలు మళ్లీ వచ్చాయి. నాలుగు మీటర్లు పైకి జరిగి, అంతే.

మధ్యాహ్నమంతా మలుపు దగ్గర కూర్చుని వచ్చేవాళ్లని చూశాను. అందరూ ఒకే చోట, ఒక వంకర వేరు దగ్గర, బ్రేకు పడుతున్నారు. కొత్తవాళ్లూ పడుతున్నారు, తమ్ముడూ పడుతున్నాడు. వాణ్ణి ఆపి అడిగితే, "ఇక్కడ బ్రేకు పట్టకుండా ఎవడూ రాలేడు అన్నా. నువ్వు చూడాల్సింది మలుపు కాదు, పైన" అన్నాడు. పైన 40 మీటర్లు తిన్నగా, 12 శాతం వాలు. చెట్ల మధ్య చక్కగా ఖాళీ దొరికిందని అలా వదిలేశాం. వేగం కొలిచే మీటర్ పెట్టి చూస్తే మలుపు దగ్గరికి సగటు రైడర్ 25తో వస్తున్నాడు. మేం కట్టింది 20, 21కి. మలుపుని ఎన్నిసార్లు కట్టినా ఆ ఐదు కిలోమీటర్లు ఎక్కడో ఒకచోట దిగాలి, అవి బ్రేకుల్లో దిగుతున్నాయి.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. 25 నుంచి 20కి బ్రేకు లేకుండా తగ్గాలంటే ఎంత ఎత్తు ఎక్కాలి? రాపిడి పక్కన పెడితే 88 సెంటీమీటర్లు. రాపిడి కూడా కలుస్తుంది కాబట్టి నిజానికి ఇంకొంచెం తక్కువే చాలు. 90 అనుకున్నాం. అంత ఎత్తు మట్టి పోసి దిబ్బ కట్టడం పిచ్చి పని. గుట్ట పక్కన పోయే దారికి ఆ అవసరం లేదు, గీతని కాస్త పైకి తిప్పితే చాలు, ఎత్తు గుట్టే ఇస్తుంది. తిన్నటి 40 మీటర్లని మూసేసి, కొత్త గీత ముందు కిందికి దింపి, ఆఖరి 9 మీటర్లు 10 శాతంతో పైకి ఎక్కించి మలుపులోకి వదిలాం. ఎదురు ఎత్తు అని పిలుస్తున్నాం. దీనికి ఇంకో లాభం ఉంది. దారి వెంట దిగే నీళ్లు ఎదురు ఎత్తు ముందున్న పల్లంలో ఆగి బయటికి పోతాయి. నీళ్ల కోసం ప్రతి ట్రైల్‌లోనూ పెట్టాల్సిన పల్లాలే ఇవి. మేం నీళ్ల లెక్కలో వేరే చోట్ల పెట్టాం, ఇక్కడ వేగం కోసం కూడా కావాలని తట్టలేదు.

పాత దారి మీద కొమ్మలు, ఆకులు పరిచి మూసేశాం. కనిపిస్తే ఎవరో ఒకరు మళ్లీ దిగుతారు.

22 నుంచి 25 వారాలు

నల్ల దారి తమ్ముడిది. నేను కూలీని.

దారి వెడల్పు కొన్నిచోట్ల 40 సెంటీమీటర్లే. రాళ్లు తీయలేదు, ఉన్నవాటిని కదలకుండా పాతాం. చూడ్డానికి అడ్డదిడ్డంగా ఉంటుంది, కానీ ఏ రాయి మీద కాలు పెట్టి ఊగినా కదలకూడదు. నీలం దారిలో నునుపు కోసం ఎంత పని చేశామో, ఇక్కడ గరుకుని నిలబెట్టడానికి అంతకన్నా ఎక్కువ చేశాం.

మధ్యలో ఒక సహజమైన బండ ఉంది, 60 సెంటీమీటర్ల డ్రాప్, అంటే నిలువు దిగుడు. పెద్ద ఎత్తేం కాదు. అసలు పని దాని కింద. 60 సెంటీమీటర్లు పడటానికి 0.35 సెకన్లు పడుతుంది. 10 వేగంతో వచ్చినవాడు ఒక మీటరు ముందు దిగుతాడు, 20తో వచ్చినవాడు దాదాపు రెండు మీటర్లు, కింద నేల వాలుగా ఉంటే ఇంకా దూరం. చదును నేల మీద దిగితే మణికట్టు చెప్తుంది. అందుకే దిగే వాలుని బండకి ఒక మీటరు లోపే మొదలుపెట్టి నాలుగున్నర మీటర్ల దాకా సాగదీశాం. భయపడుతూ మెల్లగా వచ్చినవాడూ, తమ్ముడూ ఇద్దరూ వాలు మీదే దిగాలి. బండ పక్కనుంచి తప్పించుకునే చిన్న దారి కూడా ఉంది. అది వద్దని వాడు, ఉండాలని నేను. ఉంది.

ఇంకొకటి, దారి మొదట్లోనే, పది మీటర్ల లోపు, ఒక మెట్టు రాయి పెట్టాం. వరసగా రెండు మెట్లు, వాటి మధ్య బిగువు మలుపు. లోపల ఉన్న ఏ అడ్డంకికీ తీసిపోనంత కష్టం. అక్కడ కాలు కింద పెట్టినవాడు వెనక్కి నాలుగు అడుగులు వేస్తే నీలం దారిలో ఉంటాడు. నడి దారిలో భయపడటం కంటే గుమ్మంలో భయపడటం నయం. గుమ్మం దగ్గర పలకలు కూడా కట్టాం, స్కీయింగ్ కొండల మీద వాడే గుర్తులే: నీలం చతురస్రం, నల్ల వజ్రం.

27వ వారం

చేతులతో తొక్కే మూడు చక్రాల బండి మీద ఒకాయన వచ్చారు. కాళ్లు పనిచేయవు. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. ఎక్కే దారి 90 సెంటీమీటర్లు కదా, ఇబ్బంది ఉండదనుకున్నాను. 200 మీటర్లు బాగానే వెళ్లారు. తర్వాత రెండు చెట్ల మధ్య ఇరుకు. దారిని అందంగా అలా పోనిచ్చాం, సందు 80. బండి వెడల్పు దానికంటే ఎక్కువ. ఆయన ఏమీ అనలేదు, బండి వెనక్కి తిప్పుకోవడానికి కూడా చోటు లేదని చూపించారు. ఇద్దరం ఎత్తి తిప్పాం.

క్రాస్ కంట్రీ, ఎండ్యూరో, డౌన్‌హిల్ అంటూ ఆరు నెలలు వాదించుకున్నాం. ఇలా తొక్కేవాళ్లు కూడా ఉంటారని ముగ్గురిలో ఒక్కడికీ గుర్తు రాలేదు. మరుసటి ఆదివారం 15 మీటర్ల దారిని ఆ చెట్లకి దిగువ వైపు మళ్లించాం. ఒక చోట బయటి వాలు 8 శాతం దాకా పోయిందని ఆయనే చెప్పారు, మూడు చక్రాల బండికి ఆ తేడా ఒంటికి తెలుస్తుందట. బంతి పరీక్షలో పాస్ అయిన చోటే అది. కొలిచి 5కి తెచ్చాం.

29వ వారం

రెండు రోజులు గట్టి వాన. మూడో రోజు పొద్దున్నే వెళ్లాను. ఎక్కే దారి ఎండిపోయింది. నల్ల దారిలో ఒక రాయి కదిలింది, అంతే. నీలం మీద రెండో బెర్మ్ లోపల చిన్న మడుగు. బెర్మ్ లోపలికి వాలి ఉంటుంది కాబట్టి నీళ్లు లోపలి అంచున చేరతాయి, వాటికి బయటికి దారి చేయడం మరిచిపోయాం. పారతో పావుగంట పని.

మూడో మలుపు దగ్గర కాసేపు నిలబడ్డాను. ఎదురు ఎత్తు మీద టైరు అచ్చులు శుభ్రంగా ఉన్నాయి, ఒక్క గీకుడు లేదు. వంకర వేరు మీద నాచు మళ్లీ వస్తోంది. అక్కణ్ణుంచి కిందికి దిగుతూ నాలుగో మలుపు దాకా వచ్చాను. మలుపు ముందు, అర మీటరుకి ఒకటి చొప్పున, మూడు గుంటలు.